కింటైరు తీరమున పుట్టిన పాట

పల్లెపట్టుల వారికి పాట క్రొత్త కాదు. నాట్లు వేయునప్పుడును, ఏతము తొక్కునప్పుడును, తిరుగలి త్రిప్పునప్పుడును, పసిబిడ్డను ఊయెల నూపునప్పుడును మన స్త్రీపురుషులు పాడుకొను పాటలు లెక్కకు మిక్కిలిగా కలవు. వానిని ఎవరు కట్టిరో, ఎప్పుడు కట్టిరో మనకు తెలియదు. నేల ఉన్నది, పని ఉన్నది, వానితోపాటు పాటయు ఉన్నది. అంతమాత్రమే మనము చెప్పగలము.

ఇందుకు భిన్నముగా, ఎవరు కట్టినదియు, ఏ పొలమున ఏ దినమున పాడి పట్టినదియు స్పష్టముగా తెలిసిన పల్లెపాట యొకటి స్కాట్లండు దేశమున కలదు. దాని పేరు 'మల్ ఆఫ్ కింటైర్'. అది ఒక కొండకొమ్ము పేరు. మనుష్యుని పేరు గాని, ప్రేమికురాలి పేరు గాని కాక, ఒక చోటి పేరునే పల్లవిగా చేసికొని, ఆ చోటును విడిచి దూరముగ ఉన్నవాని ఆరాటమును చెప్పు పాట అది. 1977వ సంవత్సరమున వెలువడి, బ్రిటనులో అంతవరకు ఏ పాటయు అమ్ముడుపోనంతగా అమ్ముడుపోయెను. మహానగరములలో కీర్తి గడించిన సంగీతకారు డొకడు ఒక మారుమూల పల్లెను ఎట్లు ప్రేమించెను? ఆ ప్రేమ ఎట్లు పాటగా మారెను? ఆ పాటవలన ఆ పల్లెకు ఏమి దక్కెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానమును ఈ వ్యాసమున తెలిసికొందము.

ఆ చోటు ఎట్టిది?

స్కాట్లండు పడమటి తీరమున, సముద్రములోనికి చేయి చాచినట్లు దక్షిణముగా సాగిన సన్నని భూభాగము కింటైరు. దాని పొడవు సుమారు 30 మైళ్లు. మూడు దిక్కుల నీరే. ఉత్తరమున టార్బెర్ట్ అను ఊరివద్ద ఒక మైలు వెడల్పు గల నేల మాత్రమే దానిని తక్కిన దేశముతో కలుపుచున్నది. ఈ సన్నని నేలను గురించి ఒక కథ కలదు. 1098వ సంవత్సరమున నార్వే రాజైన మాగ్నస్, తన ఓడతో చుట్టివచ్చిన దీవులన్నియు తనవే యగునట్లు స్కాట్లండు రాజుతో ఒప్పందము చేసికొనెనట. పిమ్మట టార్బెర్ట్ వద్ద తాను పడవలో చుక్కాని పట్టి కూర్చుండి, ఆ పడవను భటులచే నేలమీద ఈడ్పించి, కింటైరు కూడ దీవియే యని చెప్పి దానిని తన వశము చేసికొనెనట. కథ ఎట్లున్నను, అచ్చటివారు నేటికిని తమ సీమను సగము దీవిగానే భావింతురు. నగరమునుండి అచ్చటికి చేరుట ఎప్పుడును సులభము కాదు.

ఈ భూభాగపు నైరుతి కొనయందు సముద్రములోనికి నిటారుగా దిగు కొండకొమ్మే 'మల్ ఆఫ్ కింటైర్'. గేలిక్ భాషలో 'మల్' అను మాటకు మూలము బోడికొండ యని అర్థమిచ్చు పదము. 'కింటైర్' అనగా నేల తల, అనగా నేల ముగిసెడి చోటు. ఆకాశము నిర్మలముగా ఉన్న దినమున అచ్చటినుండి చూచినచో పండ్రెండు మైళ్ల దూరమున ఐర్లండు ఉత్తరతీరము కన్పించును. కాని అట్టి దినములు తక్కువ. అట్లాంటిక్ మహాసముద్రముమీదుగా వచ్చు తేమగాలి ఈ కొండలకు తగిలి పైకెగసి చల్లబడి పొగమంచుగా మారును. క్షణకాలములో కొండ, పొలము, తీరము అన్నియు ఆ మంచులో మునిగిపోవును.

ఈ మంచు పాటలో ఎంత అందముగా నున్నను, నావికులకు అది ప్రాణగండము. అందుచేతనే 1788వ సంవత్సరమున ఆ కొమ్ముమీద దీపస్తంభము నిలిపిరి. స్కాట్లండు దీపస్తంభములలో మిక్కిలి పురాతనములైన వానిలో అది యొకటి. సముద్రపు వైపునుండి ఎక్కుటకు వీలులేనందున, కట్టడమునకు కావలసిన సామగ్రిని గుర్రముల వీపులమీద కొండదారిన మోయించవలసి వచ్చెను. ఇటీవలి కాలమునందును ఆ మంచు మనుష్యులను బలిగొన్నది. 1994 జూన్ 2వ తేదీన మంచు కప్పిన ఈ కొండను ఢీకొని ఒక సైనిక హెలికాప్టరు కూలి, అందున్న 29 మందియు మరణించిరి. కావున ఆ సీమవారికి మంచు కేవలము కవి వర్ణనవస్తువు కాదు. వారు దానిని ప్రేమింతురు, దానికి భయపడుదురు కూడ.

ఇక జీవనోపాధి. కొండవాలులలో గొర్రెలు, పల్లపు నేలలలో పాడిపశువులు, తీరమున చేపలవేట. కాంబెల్‌టౌన్ అను ఊరు ఈ సీమకు ముఖ్యపట్టణము. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చట ముప్పదికి పైగా విస్కీ బట్టీలు పనిచేసెను. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధములోనే అవి యొకటొకటిగా మూతపడి రెండుమూడు మాత్రమే మిగిలినవి. హెర్రింగు చేపలు తరిగిపోయినవి. సమీపమున నున్న బొగ్గుగని 1967లో మూతపడెను. పని లేనిచోట యువకులు నిలువరు. మన సంగీతకారుడు ఆ సీమకు వచ్చునాటికి అది కీర్తి గడచిపోయిన, జనము పలుచబడుచున్న పల్లెసీమ.

ఆ మనిషి ఎవరు?

పాల్ మెకార్ట్నీ 1942వ సంవత్సరమున ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవుపట్టణమున సామాన్య కుటుంబమున జన్మించెను. తండ్రి ప్రత్తివ్యాపారపు కొలువులో నుండి, తీరికవేళల వాద్యబృందము నడపిన వాడు. తల్లి మంత్రసాని. ఇరువది యేండ్లు దాటీదాటకముందే పాల్, 'బీటిల్స్' అను నలుగురి గానబృందములో ఒకడై లోకమంతట ప్రఖ్యాతి గాంచెను. అతడు వీధిలో నడచుటకు వీలులేనంతగా జనము మూగెడివారు.

1966లో అతడు కింటైరులో 'హై పార్క్' అను 183 ఎకరముల కొండపొలమును కొనెను. ఇది ప్రేమచేత కొన్నది కాదు. సంపాదించిన ధనమును భూమిలో పెట్టుట మేలని లెక్కలు చూచెడి సలహాదారులు చెప్పగా కొన్నది. ఇల్లు పాడుపడి యున్నది. కప్పు కారుచుండెను. గాలి గోడల సందులనుండి చొరబడుచుండెను. కొంతకాలమువరకు ఆ నేలయందు అతనికి పెద్ద ఆసక్తి కలుగలేదు.

1969లో అతని జీవితము మారెను. ఆ సంవత్సరము మార్చిలో అమెరికా దేశీయురాలైన లిండా ఈస్ట్‌మన్ అను ఛాయాచిత్రకారిణిని అతడు వివాహమాడెను. అదే సంవత్సరము సెప్టెంబరులో సహచరుడైన జాన్ లెనన్ తాను బీటిల్స్ బృందమును విడుచుచున్నానని మిత్రులతో చెప్పెను. పదునైదవ యేటనుండి కలసి పాడిన స్నేహము తెగిపోయెను. వ్యవహారములు న్యాయస్థానమువరకు పోవు స్థితి వచ్చెను. ఇరువదియేడేండ్ల వయస్సున, చేతినిండ ధనమును కీర్తియు ఉండి, చేయుటకు పనిలేని మనుష్యుడయ్యెను. ఆ శరత్కాలమున భార్యాబిడ్డలతో కింటైరు పొలమునకు చేరెను.

ఆ దినములను గురించి అతడు తరువాత పలుమార్లు దాపరికము లేకుండ చెప్పియున్నాడు. ఉదయమున పడకనుండి లేవబుద్ధి పుట్టక, గడ్డము గీసికొనక, మద్యమునకు లోబడి కొంతకాలము గడపెను. అతడు బయట కానరాకపోవుటచే, పాల్ మరణించినాడని లోకమంతట వదంతి పుట్టెను. నిజము తెలిసికొనుటకు ఒక అమెరికా పత్రిక ప్రతినిధులు పొలమువరకు రాగా, అతడు కోపించి ఛాయాచిత్రకారునిమీద బక్కెటుతో నీళ్లు విసరెను. మరల శాంతించి, కుటుంబముతో నిలిచి చిత్రము తీయించుకొని, తాను బ్రతికియే యున్నానని చెప్పి పంపెను.

అట్టి మనుష్యుని నిలిపినవి రెండు: భార్య ధైర్యము, పొలము పని. లిండా నగరపు సౌకర్యములను కోరలేదు. ఉన్నదానితో సంసారము నడపెను. పాల్ ఆలుగడ్డల పెట్టెలను పేర్చి, పైని పాత పరుపు వేసి ఆసనము చేసెను. సిమెంటు కలిపి నేల పోసెను. కప్పు బాగుచేసెను. గొఱ్ఱెల ఉన్నిని చేతికత్తెరతో తానే కత్తిరించుట నేర్చెను. గుఱ్ఱమెక్కి కొండలమీద తిరిగెను. పాటలవలన పేరు వచ్చినవానికి, తన చేతితో చేసిన బల్ల యొకటి కుదురుగా నిలిచినందుకు కలిగిన సంతోషము అంతకుముందెన్నడు కలుగలేదు. ఇరుగుపొరుగు రైతులు అతనిని ప్రఖ్యాతుడుగా గాక పొలముగల మనుష్యునిగా చూచిరి. జనసమ్మర్దముచే విసిగిన వానికి అదియే పరమౌషధమయ్యెను.

ఒక ఆదివారమున భోజనమునకు గొఱ్ఱెమాంసము వడ్డించుకొని కూర్చుండగా, కిటికీ వెలుపల తమ గొఱ్ఱెపిల్లలు గంతులు వేయుచు పరుగెత్తుట ఆ దంపతుల కంటబడెనట. పళ్లెములోనిది ఏమో, వెలుపలనున్నది ఏమో ఒక్కసారిగా తోచి, క్రమముగా వారు మాంసాహారమును విడిచిపెట్టిరి. పొలము వారి ఊరటకు మాత్రమే గాక నడవడికకును గురువయ్యెను.

పాట కట్టిన విధము

1971లో పాల్ 'వింగ్స్' అను క్రొత్త బృందమును ఏర్పరచెను. అందు లిండాయు, డెన్నీ లేన్ అను గిటారు వాదకుడును ముఖ్యులు. దేశదేశములు తిరిగి పాడినను, వారు విశ్రాంతికి కింటైరునకే వచ్చెడివారు. ఆ సీమలో ఉత్సవములయందు, పెండ్లిండ్లయందు, వీధి ఊరేగింపులయందు పైపుల బృందములు వాయించు పాటలను అతడు వినుచుండెను. అవి యన్నియు ప్రాచీనములు. స్కాట్లండును గూర్చి క్రొత్తపాట ఎవరును కట్టుట లేదేమి యని అతనికి తోచెను. ఈ దేశము నాది కాకపోయినను, దీనిని నేను ప్రేమించుచున్నాను గదా, నేనే ఏల కట్టరాదని తలంచెను.

ఇచట ఒక సంకోచము కలదు. పరాయి ప్రాంతమువాడు తమ ఊరినిగూర్చి పాట కట్టినచో ఆ ఊరివారు నవ్వవచ్చును. ఉన్నివస్త్రములు, పైపులు, మంచుకొండలు చేర్చి స్కాట్లండు పేరిట అమ్ముడుపోవు సరుకులు అప్పటికే చాలగ ఉన్నవి. తన పాటయు అట్టి సరుకే కారాదన్నచో ఏమి చేయవలెను? పాల్ చేసినది రెండు పనులు. మొదటిది, పాటలో గొప్పలు చెప్పక, తాను నిత్యము చూచినవానినే చెప్పెను: సముద్రముమీదినుండి కదలివచ్చు మంచు, లోయలోని లేడి, సాయంకాలపు ఎఱ్ఱని ఎండ, దూరదేశములు తిరిగినవానికి మరలి రావలెనను కోరిక. కథ లేదు, ఉపదేశము లేదు. రెండవది, ఆ పాటకు ఆ ఊరి వాద్యమునే, ఆ ఊరి వాదకులనే కోరెను.

పల్లవి కొంతకాలము ముందుగనే అతని మనస్సులో ఏర్పడియుండెను. 1977లో ఒక మధ్యాహ్నము డెన్నీ లేన్‌తో కూర్చుండి చరణములను పూర్తిచేసెను. అందుచేతనే పాట కర్తలుగ వారిద్దరి పేర్లును కలవు. నడక మూడు మాత్రలది. మన తిశ్రగతివంటిది. పడవ అలమీద ఊగినట్లు, తల్లి ఊయెల నూపినట్లు సాగు నడక అది. చిన్నపిల్లలును ఒక్కసారి వినినచో పాడగలరు.

తొమ్మిది స్వరముల వాద్యము

స్కాట్లండు పైపువాద్యమును మన దేశమువారును ఎరుగుదురు. గణతంత్ర దినోత్సవపు కవాతులో సైనిక దళముల ముందు నడచు పైపుల బృందములు వాయించునది అదియే. దాని నిర్మాణమును కొంచెము పరిశీలింతము.

వాదకుడు చంకలో ఒక సంచిని పట్టుకొనును. నోటిగొట్టముతో దానిని గాలితో నింపును. మోచేతితో సంచిని నొక్కగా గాలి నాలుగు గొట్టములలోనికి పోవును. అందు మూడు భుజముమీదికి ఆనించినవి. ఇవి ఎడతెగక ఒకే ఆధారశ్రుతిని పలుకును. నాల్గవదానికి రంధ్రములు కలవు. దానిమీద వ్రేళ్లాడించి వాదకుడు పాటను పలికించును. మన వీధిభాగవతములలో శ్రుతికై వాడు తిత్తియు ఇట్టి సూత్రముమీద పనిచేయునదే. మేకతోలు తిత్తి గాలిని నిలువచేయును. అందుచే ఊదువాడు ఊపిరి పీల్చుకొనునప్పుడును శ్రుతి తెగదు. మన తిత్తి శ్రుతికే పరిమితమయ్యెను. వారిది శ్రుతిని, పాటను ఒక్కటిగ పలుకును.

ఈ వాద్యమునకు మూడు కఠిన నియమములు కలవు. స్వరములు తొమ్మిదియే. వాటిని హెచ్చించుటకు గాని, వేరు శ్రుతికి మార్చుటకు గాని వీలులేదు. ధ్వనిని తగ్గించుటకును వీలులేదు. మొదలుపెట్టినది మొదలు ముగియువరకు ఒకే బిగ్గరతనము. మూడవది, నాదమును నడుమ ఆపుటకు వీలులేదు. ఒకే స్వరమును రెండుమార్లు పలికింపవలెనన్నచో, రెంటి నడుమ రెప్పపాటులో మరియొక స్వరమును తాకి విడువవలెను. పైపుపాటకు గల ప్రత్యేకమైన మెలికలు అట్లు ఏర్పడినవే.

గిటారు ఏ శ్రుతికైనను మారగలదు. పైపు మారదు. కావున రెండును కలియవలెనన్నచో గిటారుపట్టినవాడే దిగిరావలెను. లోకప్రసిద్ధుడైన మెకార్ట్నీ కాంబెల్‌టౌన్ పైపుబృంద నాయకుని పిలిపించి, వాద్యమును వాయింపజేసి విని, దానికి ఏవి సాధ్యములో, ఏవి కావో తెలిసికొనెను. పిమ్మట ఆ తొమ్మిది స్వరములలో ఇముడునట్లు పైపుల భాగమును కుదిర్చెను.

సంగీతము నేర్చిన చదువరులకు ఇందొక చక్కని పాఠము కలదు. పైపు ఆధారశ్రుతిని షడ్జముగా తీసికొన్నచో, దాని స్వరములు సుమారుగా మన హరికాంభోజి మేళము వంటివి. నిషాదము కొంచెము క్రిందిది. ఆ స్వరములనే ఉంచి, మధ్యమమును షడ్జముగా భావించినచో అవి శంకరాభరణ స్వరములగును. దీనినే మనవారు గ్రహభేదమందురు. 'మల్ ఆఫ్ కింటైర్' పాటలో జరుగునది సరిగా ఇదియే. గిటారుతో, ఒంటి గొంతుతో మొదలై కొంత దూరము సాగిన పిమ్మట, పైపులు ప్రవేశించు చోట పాట ఆధారషడ్జము మధ్యమస్థానమునకు ఎక్కును. వినువానికి కొండదారి మలుపు తిరిగి ఒక్కసారిగ సముద్రము కన్పించినట్లుండును. ఆ మార్పు అలంకారమునకై చేసినది కాదు. ఊరి వాద్యమునకు చోటిచ్చుటకై చేసినది. అదియే పాటకు ప్రాణమయ్యెను.

కొట్టములో పట్టిన పాట

1977వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన పాటను పట్టిరి. లండనులోని గొప్ప స్టూడియోలకు పోలేదు. పొలములోని కొట్టము నొకదానిని సంగీతశాలగా మార్చియుండిరి. కాంబెల్‌టౌన్ పైపుబృందమువారు తమ సంప్రదాయ వస్త్రములు ధరించి అచ్చటికి వచ్చిరి. వారు వృత్తిచే సంగీతకారులు కారు. ఆ ఊరిలోను, చుట్టుప్రక్కలను పనిపాటలు చేసికొనువారు. డప్పు వాయించిన వారిలో కొందరు ఇంకను బడి వయస్సు దాటనివారు. ఊరి ఉత్సవములలో వాయించుటకై వారమునకు కొన్ని సాయంకాలములు కలసి సాధన చేయు బృందము అది. ఆ సాధనయే ఆ దినమున అక్కరకు వచ్చెను.

పాటకు చలనచిత్రమును కూడ కింటైరులోనే తీసిరి. అయితే కొండకొమ్ము నిటారుగా ఉన్నందున, తూర్పుతీరమున నున్న శాడెల్ అను సముద్రపుటొడ్డును ఎంచుకొనిరి. పైపుబృందము ఇసుకమీద నడచుచు వాయించును. ఊరిజనము వెంట నడచును. చివరకు చీకటిపడగా తీరమున మంట వేసి అందరును చుట్టును చేరి పాడుదురు. నటులు కారు, ఊరివారే. ఆ చిత్రము పాటతోపాటు దేశదేశముల ప్రజలకు కింటైరును చూపెను.

లోకమున ఆ పాట

1977 నవంబరు 11వ తేదీన పాట వెలువడెను. అది బ్రిటను యువకులలో 'పంక్' అను పేరిట ఉద్రేకముతో కూడిన, కఠోరమైన సంగీతము ప్రబలియున్న సంవత్సరము. అట్టివేళ పైపులతో కూడిన మూడుమాత్రల పల్లెపాటను ఎవరు వినెదరని సందేహించుటకు కారణము లేకపోలేదు. అందుచే గానముద్రికకు రెండవ వైపున వేగముగల వేరొక పాటను ఉంచి, రెంటికిని సమానస్థాన మిచ్చిరి. ఫలము ఊహింపరానిది. డిసెంబరు మొదటివారమున పాట ప్రథమస్థానమున కెక్కి వరుసగా తొమ్మిది వారములు అచ్చటనే నిలిచెను. బ్రిటనులో ఇరువది లక్షలకు పైగా ముద్రికలు అమ్ముడుపోయిన మొదటి పాట ఇదియే. అంతకుముందు ఆ రికార్డు 1963 నాటి బీటిల్స్ పాటకు ఉండెను. అనగా మెకార్ట్నీ తన పాత రికార్డును తానే దాటెను. 1984లో ఇథియోపియా కరవు నివారణకై అనేక గాయకులు కలసి పాడిన పాట వచ్చువరకు ఈ క్రొత్త రికార్డు చెక్కుచెదరలేదు.

బ్రిటనుకు వెలుపలను, ముఖ్యముగ ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండులలో ఈ పాట అగ్రస్థానము పొందెను. దీనికి కారణమును చరిత్రలో వెదకవలెను. పదునెనిమిది, పందొమ్మిది శతాబ్దములలో స్కాట్లండు ఉత్తర పశ్చిమ భాగములనుండి వేలాది కుటుంబములు సముద్రములు దాటిపోయినవి. గొఱ్ఱెల పెంపకమున లాభము చూచిన భూస్వాములు కౌలురైతులను నేలనుండి వెళ్లగొట్టుటయు, కరవును, బీదరికమును ఇందుకు కారణములు. వారు కెనడాలో, ఆస్ట్రేలియాలో, న్యూజిలాండులో స్థిరపడిరి. తాము విడిచిన ఊళ్లపేర్లను అచ్చట క్రొత్త ఊళ్లకు పెట్టుకొనిరి. పైపువాద్యమును మరువలేదు. నేలను విడిచినవాని ఆరాటమును చెప్పు పాట వారి మనుమల మనుమలకు తమ ఇంటిమాటగా వినిపించుటలో వింత లేదు. వలసపోయినవానికి ఊరిపేరే ఒక పాట. ఈ సంగతి మన పల్లెలలోను ఎన్నో కుటుంబములకు తెలియును.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో మాత్రము ఈ పాట అంతగా ప్రచారము పొందలేదు. అచ్చటి రేడియోవారు ముద్రిక రెండవవైపు పాటనే ఎక్కువగా వినిపించిరి. మెకార్ట్నీ కూడ దీనిని ప్రతి సభలోను పాడడు. స్కాట్లండులోను, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండులలోను పాడునప్పుడు, ఆ యా చోట్లనున్న పైపుబృందమును వేదికమీదికి పిలిచి పాడుట కలదు.

మరియొక విశేషము. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ పట్టణపు ఫుట్‌బాల్ అభిమానులు ఈ పాట వరుసను తీసికొని, తమ ట్రెంట్ నదిని చేర్చి, తమ మాటలతో ఆటస్థలములో పాడుచున్నారు. లండనులోని ఒక జట్టు అభిమానులును అట్లే చేసికొనిరి. కర్త తెలిసిన పాటయే అయినను, జనుల నోట పడి మాటలు మార్చుకొని ఊరూర తిరుగుచున్నది. జానపదగీతములు పుట్టు విధానము ఇదియే గదా!

పల్లెకు దక్కిన దేమి?

ఇక మూడవ ప్రశ్న. పాట ఒక సీమను మార్చగలదా?

మూతపడిన బొగ్గుగనిని పాట తెరువలేదు. తరిగిన చేపలను మరల రప్పించలేదు. యువకులు చదువులకు, ఉద్యోగములకు నగరములకు పోవుట ఆగలేదు. ఒక పాటనుండి అంతటి ఫలమును ఆశించుట అవివేకము. కాని దక్కినది లేకపోలేదు. దేశపటములో వెదకినను దొరకని ఒక కొండకొమ్ము పేరు కోట్లాది జనుల నోట నిలిచెను. దానిని చూడవలెనని యాత్రికులు నేటికిని ఆ వంకరదారుల వెంట పోవుచున్నారు. ఇరుకు దారి చివర బండి నిలిపి, నిటారుగా దిగి దీపస్తంభము చేరువారు కలరు. మంచు కప్పియున్నందున ఏమియు చూడక మరలువారును కలరు. ఊరి పైపుబృందపు పిల్లలు తమ వాద్యమునకు లోకమున విలువ కలదని ప్రత్యక్షముగా తెలిసికొనిరి. నాడు వాయించిన వారిలో కొందరు పిమ్మట తరువాతి తరమువారికి నేర్పిరి.

లిండా 1998 ఏప్రిలులో మరణించెను. 2002లో కాంబెల్‌టౌన్‌లో ఆమె పేరిట చిన్న ఉద్యానవనమును ఏర్పరచి, గొఱ్ఱెపిల్లను ఒడిలో పట్టుకొనిన ఆమె కంచువిగ్రహమును నిలిపిరి. పరాయిదేశమునుండి వచ్చి పాడుపడిన కొండపొలమున సంసారము చేసిన స్త్రీని ఆ ఊరు తన కూతురుగా తలంచెననుటకు అది గుర్తు. పాటలో పాలుపంచుకొన్న డెన్నీ లేన్ 2023 డిసెంబరులో మరణించెను.

మనము గ్రహింపవలసినది

ఈ వృత్తాంతమునుండి మూడు సంగతులు తేటపడుచున్నవి.

మొదటిది, నేలమీది ప్రేమ చూచినంతమాత్రమున పుట్టదు. లెక్కలకొరకు కొన్న పొలము, సిమెంటు పోసి, కప్పు నేసి, ఉన్ని కత్తిరించిన పిమ్మట గాని మెకార్ట్నీకి తన పొలము కాలేదు. పొలము కొన్న 1966కును పాట వచ్చిన 1977కును నడుమ పదునొకండేండ్లు గడచినవి. పాట ఒక మధ్యాహ్నమున పూర్తియైనను, దానికి వెనుక ఆ పదునొకండేండ్ల వానయు, మంచును, పనియు కలవు.

రెండవది, ఊరి వాద్యము ఊరివారు కాపాడుకొన్నప్పుడే లోకమునకు దొరకును. ఆ పైపుబృందము ప్రతివారము కూడి సాధన చేయకున్నచో, పాట కట్టినవానికి కావలసినప్పుడు వాయించువాడు ఉండడు. మన ఊళ్లలోని సన్నాయివాదకులు, డప్పు కళాకారులు, తిత్తిపట్టి శ్రుతినిచ్చు వృద్ధులు తమ విద్యను ఎవరికి అప్పగించుచున్నారో మనము విచారించుకొనవలెను.

మూడవది, పాటలో నిలిచిన పేరు నిలుచును. ప్రతి ఊరికి ఒక చెరువు కలదు, ఒక గుట్ట కలదు, ఒక వాగు కలదు. వానికి పేర్లు కలవు. ఆ పేర్లు వృద్ధులకు తెలిసినంతగా పిల్లలకు తెలియవు. బడిపిల్లలు ఒక సెలవుదినమున తమ ఊరి పెద్దలవద్ద కూర్చుండి, ఆ గుట్టపేరు, వాగుపేరు వచ్చు పాటలను అడిగి వ్రాసికొన్నచో, కొన్ని దొరకును. దొరకనిచోట, ఆ ఊరిలో బుట్టి ఆ నేలపై పనిచేసినవా డెవడైనను క్రొత్తగా కట్టవచ్చును. కింటైరు పాట కట్టినవాడు ఆ ఊరివాడు కాడు. మన ఊరి పాట కట్టుటకు మనకు ఆ అడ్డు కూడ లేదు.